డప్పు వెనుక నడిచిన బిషప్పు

పటాన్‌చెరులో మా కాలనీ మలుపు దగ్గర, చర్చి గేటుకు అడ్డంగా, మొన్న పెద్ద ఫ్లెక్సీ ఒకటి కట్టారు. కొత్త ఫ్లెక్సీ ఎండకు వేడెక్కితే కాలిన రబ్బరు లాంటి వాసన వస్తుంది. సాయంత్రం బొల్లారం వైపు నుంచి గాలి మళ్లితే మందుల కంపెనీల ఘాటు దానికి తోడవుతుంది. ఆ రెండూ కలిసి ముక్కు మండిస్తుంటే కూరగాయల సంచీ పట్టుకొని రోడ్డు పక్కన నిలబడి ఆ బొమ్మ వంక చూశాను. ఊదా రంగు అంగీ, మెడలో సిలువ, చేతిలో పొడుగాటి కర్ర, మొహం నిండా చిరునవ్వు. కింద గజమెత్తు అక్షరాలు: 'పేదల కాపరి బిషప్ ఏలియా గారి జయంతి ఉత్సవాలు'. పేదల కాపరి అన్న మాట దగ్గర నాకు ఒళ్లు మండిపోయింది. ఈ వయసులో కోపం మంచిది కాదని మా డాక్టరు చెబుతుంటాడు. ఆయనకేం, చెబుతాడు.

ఆ బొమ్మలోని మనిషి మా నాయనమ్మకు సొంత తమ్ముడు. ఆ సంగతి ఫ్లెక్సీ కట్టిన పిల్లలకు తెలియదు, ఉత్సవ కమిటీకి తెలియదు, ఆయన గురించి అచ్చేసిన పుస్తకంలోనూ ఉండదు. 'నిరుపేద కుటుంబంలో పుట్టి, దైవకృపతో చదువుకొని' అని రాసుకున్నారు. దైవకృప! ఆ కృప ఎవరి చేతుల చర్మం ఊడగొట్టుకొని వచ్చిందో నేను చెబుతాను.

మా ఊరు సంగారెడ్డికీ పటాన్‌చెరుకూ నడుమ, బొంబాయి రోడ్డు దిగి జొన్నచేల గట్ల మీద కాస్త నడిస్తే వచ్చేది. ఊరికి ఆవల, గాలి ఊరి మీదికి పోకుండా చూసి మరీ విసిరేసినట్టు, మా మాదిగవాడ ఉండేది. మట్టిగోడలు, రెల్లు కప్పులు, ప్రతి ఇంటి వెనుకా తోళ్లు నానబెట్టే సున్నపు గుంట, దాన్ని లంద అనేవాళ్లం. వానాకాలం మొదట్లో లందల కంపు, తడిసిన రెల్లు వాసన, తోళ్లకు పట్టించే తంగేడు చెక్క ఉడికే వగరు వాసన కలగలిసి వాడంతా కమ్ముకునేది. మాకది కంపని తెలియదు, బడికి పోయాక పక్క పిల్లలు ముక్కు మూసుకుంటే తెలిసింది. శ్రావణంలో ఉసిళ్లు లేస్తే పట్టి వేయించుకొని తినడం, చలికాలం మొదట్లో గుట్ట మీద సీతాఫలాలు ఏరుకొచ్చి బూడిదలో మాగబెట్టడం, జొన్న కంకులు పాలు పట్టగానే పటేలు జీతగాడు చూడకుండా నాలుగు తెంపి కాల్చుకొని మూతులు నల్లగా చేసుకోవడం, మధ్యాహ్నాలు కచ్చకాయలు, సాయంత్రాలు చిర్రగోనె ఆటలు... ఇవన్నీ మాకూ ఉండేవి. మా అమ్మానాయనలు పొద్దున్నే కూలికి పోయేవాళ్లు. నన్ను పెంచింది నాయనమ్మ సాయమ్మ.

నాయనమ్మ పాలపళ్లు ఊడే వయసులో వాళ్లమ్మ చచ్చిపోయింది. తమ్ముడు ఎల్లయ్య అప్పటికి చంటివాడు. మేకపాలలో బట్ట ముంచి చప్పరింపజేసి, చంకనెత్తుకొని కలుపులకు పోయి, చేని గట్టు మీద తువ్వాల పరిచి పండబెట్టి, వాణ్ణి ఆమే బతికించింది. వాడికి కాస్త ఊహ వచ్చాక మిషన్ దొర ఒకాయన గుర్రమెక్కి వాడకు వచ్చి, బోర్డింగుకు ఒక పిల్లాణ్ణి పంపమని అడిగాడట. వాళ్ల నాయన ససేమిరా అన్నాడు. కొడుకు పోతే లందలో దిగి తోళ్లు గీకేదెవరు? అప్పుడు నాయనమ్మ ముందుకొచ్చి, "నేను గీకుత, తమ్ముని తోలియ్యి" అన్నది. మా వాడలో ఆడవాళ్లు తంగేడు చెక్క దంచేవాళ్లు, నీళ్లు మోసేవాళ్లు, అంతే గానీ లందలో దిగేవాళ్లు కాదు. ఆమె దిగింది. పెళ్లయ్యాక కూడా, మేనబావనే చేసుకొని అదే వాడలో ఉంది కనుక, వాళ్ల నాయన కాలుచెయ్యి ఆడినన్నాళ్లూ ఆ పని మానలేదు. సున్నానికి అరచేతులు పొరలు పొరలుగా లేచిపోయి, మళ్లీ గట్టిపడి, గోళ్ల కిందికి తంగేడు రంగు ఎక్కి, నేను ఎరిగేనాటికి ఆ చేతులు తోలులాగే ఉండేవి. నా వీపు రుద్దితే గీసుకుపోయేది.

బోర్డింగులో ఎల్లయ్య ఏలియా అయ్యాడు. ఏలియా పంతులయ్యాడు, పాస్టరయ్యాడు, కరువులో గంజి పోయించి దొరల మెప్పు పొందాడు, మద్రాసు వెళ్లి దైవశాస్త్రం చదివి, ఓడెక్కి సీమకు పోయి వచ్చాడు. నిజాం రాజ్యం పోయి, మిషన్ దొరలు కూడా ఒక్కొక్కరే మూటాముల్లె సర్దుకుంటున్న కాలంలో ఆయనను బిషప్పు చేశారు. ఆ కబురు మోసుకొచ్చిన ఉపదేశి, అంటే మా వాడలో ప్రార్థనలు నడిపే ఆయన, ముందుగా నాయనమ్మకే చెప్పాడు. ఆమె ఇంట్లోకి పోయి, ఉన్న బెల్లమంతా తెచ్చి వాడలో పిల్లలకు పంచి, "మా ఎల్లిగాడు పెద్దదొర అయిండంట" అని ఒకటికి పదిసార్లు చెప్పుకొని మురిసింది. అప్పటికి ఆయన అక్కను చూడడానికి వచ్చి ఎన్నేళ్లయిందో ఎవరూ అడగలేదు.

మాది రెండు దేవుళ్ల నడుమ నలిగిన వాడ. మిషను మాకు అక్షరాలిచ్చింది, జ్వరానికి మందిచ్చింది, క్రిస్మస్‌కు వెదురుబద్దల నక్షత్రం, గారెలు, పెద్దకూర, పరమాన్నం ఇచ్చింది. బదులుగా మా నుంచి చాలా లాక్కుంది. బతుకమ్మ పాట నోట వినిపిస్తే పాస్టరు గారి బెత్తం వీపు మీద పడేది. తంగేడు చెక్క ఇంటి వెనుక ఉడకొచ్చు, బతుకమ్మ పేర్చే తంగేడు పువ్వు మాత్రం ఆడపిల్ల తట్టలో కనబడకూడదు. ఇదేం న్యాయమో ఆ వయసులో అర్థం కాలేదు, ఇప్పటికీ కాలేదు.

మా తాత బాలయ్య డప్పు వాయించేవాడు. అది ఆయన సరదా కాదు, మా ఇంటికి తరతరాలుగా ఊరు అంటగట్టిన పని. చావుకైనా, పెళ్లికైనా, పోచమ్మ పండుగకైనా పటేలు కబురంపితే పోవలసిందే. సంఘం కొత్తగా పెట్టిన నియమం ఏమంటే, పోచమ్మ ముందు డప్పు కొట్టిన ఇంటివాళ్లకు చర్చిలో సంస్కారం ఇవ్వరు. ప్రభువు పేర అందరికీ పంచే ఆ రొట్టె ముక్క, గుక్కెడు ద్రాక్షరసం వాళ్లకు ఉండవు. ఒక ఏడు తాత ధైర్యం చేసి, నేను కిరస్తానీవాణ్ణి, కొట్టను అన్నాడు. పటేలు ఆయనను చావడి ముందు నడుం వంచి నిలబెట్టి, వీపు మీద బండ పెట్టించి, పొద్దు వాలేదాకా దింపనివ్వలేదు. పాస్టరు గారు ఆ దారినే సైకిలు మీద పోయారు, ఆగలేదు. మరుసటి ఏడు తాత డప్పు కొట్టాడు. ఆ వచ్చే ఆదివారమే పాస్టరు గారు ఆరాధన చివర లేచి, బాలయ్యనూ ఆయన ఇంటివాళ్లనూ సంస్కారం నుంచి తప్పిస్తున్నామని, మళ్లీ డప్పు ముట్టనని సంఘం ముందు నిలబడి ఒప్పుకున్న రోజే చేర్చుకుంటామని చదివి వినిపించారు. బండ పెట్టినవాణ్ణి ఏమీ అనలేని నోరు, బండ మోసినవాణ్ణి వెలివేయడానికి ఎంత చక్కగా తిరిగిందో! అది నేను నాయనమ్మ ఒళ్లో కూచొని విన్నాను.

అమ్మలక్కలు ఓదార్చబోతే ఆమె ఒకే మాట అనేది: "మా తమ్ముడు రానియ్యి. వాడు అన్నీ ఎరిగినోడు. వాడే ఇస్తడు నాకు." ఆ రొట్టె ముక్క ఆమెకు అంత పెద్ద సంగతా అని మీరనుకోవచ్చు. ఊరి బావి మాది కాదు, ఊరి గుడి మాది కాదు, చావడి అరుగు మాది కాదు. అందరితో పాటు చెయ్యి చాపి, అందరితో పాటు పుచ్చుకునేది లోకం మొత్తంలో ఆమెకు అదొక్కటే.

కోతలయ్యాక బిషప్పు గారు వస్తున్నారని తెలిసింది. వాడంతా అలికి ముగ్గులకు బదులు సున్నపు సిలువలు వేశారు. చర్చికి కొత్త రెల్లు కప్పారు. కోత పండుగ కానుకలకు జొన్నలు, గుమ్మడికాయలు, కోళ్లు సిద్ధం చేశారు. నాయనమ్మ కన్నబిడ్డలా సాకిన కోడిపెట్టను కోసి కూర వండింది, తమ్ముడికి చిన్నప్పుడు ఇష్టమని జొన్నరొట్టెలు పల్చగా చేసి బట్టలో చుట్టి పెట్టింది, గడప పక్కన ఆయన కాళ్లకు ఇత్తడి బిందెతో నీళ్లు పెట్టింది. నాతో, "అందరి ముంగట తాత అనకు, అయ్యగారూ అను, మంచిది గాదు" అని చెప్పింది.

ఇక్కడే నాకు రక్తం మరిగిపోతుంది. బిషప్పుకు కలెక్టరుతో స్నేహమని విన్న పటేలు, కొత్త ప్రభుత్వంలో భూముల చట్టాలకు భయపడి ఉన్నాడు కనుక, తానే పూలదండ పట్టుకొని రోడ్డు దాకా ఎదురుపోయాడు. పోతూ, "ఏంరా బాలిగా, డప్పులేవి? పెద్ద దొరొస్తుండు, గంత చప్పుడు లేకుంటే ఎట్ల?" అన్నాడు. పాస్టరు గారు పక్కనే ఉన్నారు. "అవునవును, ఘనంగా ఉండాలె" అన్నారు! తాత, ఆయనతో మరో ముగ్గురు, రోడ్డు పక్కన గడ్డి మంట వేసి డప్పులు కాపారు. డప్పు తోలు వేడెక్కి బిగిస్తేనే మోగుతుంది. జీపు దిగిన బిషప్పు గారు మెడలో పటేలు దండతో, ఊదా అంగీ గాలికి ఎగురుతుంటే, రెండు చేతులూ జోడించి, ఆ డప్పుల వెనుక చర్చి గుమ్మం దాకా నడిచారు. ముందు మా తాత అడుగులేస్తూ కొడుతున్నాడు. చెమటలు కక్కుతున్నా మొహం వెలుగుతోంది, బామ్మర్దికి కొడుతున్నాడు కదా! గుమ్మం దగ్గర ఉపదేశి చెయ్యి అడ్డం పెట్టి, "మీరు బయటనే ఉండుండ్రి" అన్నాడు.

నాయనమ్మ మాత్రం లోపలికి వచ్చింది, ఉతికిన తెల్లచీరతో, నన్ను పక్కన కూచోబెట్టుకొని. ఈత చాపల మీద ఆడవాళ్లొక వైపు, మగవాళ్లొక వైపు. కీర్తనలయ్యాయి, బిషప్పు గారు ప్రేమ గురించి చాలాసేపు చెప్పారు, నాకు ఆకలైంది. సంస్కారం సమయానికి వరసగా మోకరించారు. ఒద్దని పక్కావిడ కొంగు లాగినా వినకుండా నాయనమ్మ కూడా మోకరించి, కుడి అరచెయ్యి ఎడమ అరచేతి మీద పెట్టి చాపింది. బిషప్పు ఒక్కొక్కరి చేతిలో రొట్టె ముక్క పెడుతూ వస్తున్నారు, వెనుక గిన్నె పట్టుకొని పాస్టరు. మా దగ్గరికి రాగానే పాస్టరు వంగి ఆయన చెవిలో ఏదో అన్నారు. ఆయన ఆగారు. ఆ చేతులు ఎవరివో ఆయనకు తెలియదా? ఆ చేతులు అట్లా ఎందుకయ్యాయో ఆయన కన్నా ఎవరికి బాగా తెలుసు? ఆయన ఆమె మొహంలోకి చూశారు. నేను పక్కనే ఉన్నాను, చూడడం చూశాను. చూసి, ఒక అడుగు పక్కకు వేసి, తర్వాతి ఆవిడ చేతిలో రొట్టె పెట్టారు.

నాయనమ్మ చేతులు అట్లాగే ఉన్నాయి. వరస లేచిపోయింది, ఇంకో వరస వచ్చి కూచుంది, కీర్తన మొదలైంది. ఆమె చేతులు దించలేదు, ఎవరూ దించమనలేదు. చివరికి నేనే రెండు చేతులతో పట్టుకొని కిందికి దించాను.

బయట బిషప్పును సాగనంపడానికి మళ్లీ డప్పులు కావాలని కబురొచ్చింది, తాతవాళ్లు మంట చుట్టూ కూచొని కాపుతున్నారు. భోజనం మా ఇంట్లో కాదట, సంగారెడ్డి మిషన్ బంగళాలో ఏర్పాటైందట. నాయనమ్మ ఇంటికి నడిచింది. గడప పక్క బిందె ఎత్తుకొని తిరిగి వచ్చి, తమ్ముడి కాళ్లకు తోడిన ఆ నీళ్లు మొత్తం, మంట మీద, డప్పుల మీద, గుమ్మరించింది. బుస్సున పొగ లేచింది. తాత తలెత్తి ఆమె మొహం చూసి, డప్పు తీసి పక్కన పెట్టాడు. తడిసిన డప్పు చెక్కముక్కతో సమానం. పటేలు వచ్చి, "ఏమైందిరా?" అని ఉరిమితే తాత తల వంచుకొని, "తోలు మెత్తబడ్డది పటేలా" అన్నాడు. బిషప్పు జీపు ఏ చప్పుడూ లేకుండా దుమ్ము రేపుకుంటూ వెళ్లిపోయింది. నాయనమ్మ ఆ నలుగురు డప్పులవాళ్లనూ ఇంటికి పిలిచి, కోడికూర, జొన్నరొట్టెలు వడ్డించింది. "సల్లగైతది, తినుండ్రి" అన్నది.

ఆయన మంచి చేయలేదని నేను అనను. మా వాడ ఆడపిల్లలకు బోర్డింగు తెరిచింది ఆయనే, అందులో చదివే నేను పంతులమ్మనయ్యాను, ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నాను. అందుకే కోపం ఇంకా ఎక్కువ. పరాయివాడు అవమానిస్తే తిట్టుకొని ఊరుకోవచ్చు. అన్నం పెట్టినవాణ్ణి ఏమని తిట్టను? బోర్డింగులో రోజూ భోజనానికి ముందు ఆయన ఆరోగ్యం కోసం ప్రార్థన చేయించేవారు. నేను పెదవులు కదిపేదాన్ని, అంతే.

ఒకటి రెండేళ్ల తర్వాత, నేను సెలవులకు ఇంటికి వచ్చిన రోజుల్లో, ఆయన ఒక సాయంత్రం చెప్పా పెట్టకుండా వచ్చాడు. అంగీ లేదు, మామూలు పంచె, చొక్కా. జీపు రోడ్డు మీదే ఆపి నడిచి వచ్చాడు, ఎవరైనా చూస్తారని కాబోలు. నాయనమ్మ కాళ్లకు నీళ్లిచ్చింది, జొన్న గటక, పచ్చిపులుసు పెట్టింది. ఆయన తింటూ, "అక్కా, నియమం అందరికీ ఒక్కటే. నీకిస్తే తన అక్క కాబట్టి ఇచ్చిండు అందురు" అన్నాడు.

"గట్లనా? మరి డప్పు పాపమైతే, దాని ఎనక ఎట్ల నడిసినవ్ రా?"

ఆయన ముద్ద పళ్లెంలో పెట్టేశాడు. చెయ్యి కడుక్కొని, సంచీలోంచి చిన్న చెక్కపెట్టె తీశాడు. మంచాన పడ్డ రోగులకు ఇంటికి తెచ్చి సంస్కారం ఇచ్చే పెట్టె అది. లోపల బుల్లి గిన్నె, బుల్లి పళ్లెం. "ఇప్పుడిస్త, తీసుకో అక్కా" అన్నాడు. ఆమె ఇన్నాళ్లూ కోరుకున్నది అదే కదా.

నాయనమ్మ చేతులు కొంగులో చుట్టుకుంది. "అందరి ముంగట దాటిపోయినవ్ ఎల్లిగా. ఇయ్యాలనుకుంటే అందరి ముంగటనే ఇయ్యి. నేను రోగిని గాను, దొంగను గాను" అన్నది.

ఆయన పెట్టె మూసి, "సూస్త అక్కా" అని లేచాడు. చూడలేదు. ఆ తర్వాత సంగారెడ్డికి ఎన్నోసార్లు వచ్చాడు, సభలు పెట్టాడు, మా ఊరి పొలిమేర దాటి రాలేదు. పంట బాగా పండిన ఒక ఏడు నాయనమ్మ జ్వరంతో పోయింది. సంస్కారం తప్పించిన మనిషి కనుక సంఘం శ్మశానంలో చోటు లేదన్నారు. తాతే వాడను ఆనుకున్న చేని చివర తంగేడు పొదల పక్కన గుంత తవ్వాడు. తమ్ముడు దేశాంతరంలో మహాసభలో ఉన్నాడని చెప్పారు.

ఇప్పుడు ఆ చేను లేదు. లందలు లేవు, రెల్లు చర్చి లేదు, ఉసిళ్లు లేచే నేల లేదు. వాడంతా మందుల కంపెనీకి పోయింది. వచ్చిన పరిహారంతో తలా ఒక దిక్కు ఎగిరిపోయాం. తంగేడు పొదలున్న చోట గోడ లోపల ట్యాంకులు నిలబెట్టారు. బస్సులో పోతుంటే వాటిని చూసి ఇక్కడే అని గుర్తుపడతాను, అంత దూరం నుంచే.

నేను ఇప్పటికీ ఆదివారం చర్చికి పోతాను. వెనుక బెంచీలో కూచుంటాను. సంస్కారానికి అందరూ లేచి ముందుకు నడిస్తే నేను లేవను, పంతులమ్మగా చేరిన నాటి నుంచీ లేవలేదు. జయంతి ఉత్సవాల ఆరాధనలో, వేదిక మీద ఆయన బొమ్మకు పూలమాల వేసి ఉండగా, కొత్తగా వచ్చిన కుర్ర పాస్టరు ఇది గమనించాడు. మంచి పిల్లాడు, గర్వం లేదు. అందరూ వెళ్లాక నా బెంచీ దగ్గరికి వచ్చి మెల్లగా, "అమ్మా, మనసుల ఏమన్నా బాధ ఉంటే చెప్పుండ్రి, ప్రార్థన చేస్త. మీకు ఇక్కడనే తెచ్చి ఇస్త" అన్నాడు. చేతిలో పళ్లెం ఉంది.

"ముందుగాల మా నాయనమ్మకు ఇచ్చి రా బిడ్డా. ఎనక నాకిద్దువు" అన్నాను.

పాపం, ఎవరో ముసలమ్మ మంచంలో ఉందనుకున్నాడు. "అట్లనే అమ్మా, ఇప్పుడే పోత. ఎక్కడుంటరు?" అని అడిగాడు.

"కంపెనీ గోడ లోపల" అన్నాను. "గేటు కాడ పాసు అడుగుతరు. ఆ ఫ్లెక్సీ మీదాయన పేరు చెప్పు, ఏమన్న లోపలికి పోనిస్తరేమో సూడు."